కరెంటు లెక్కల్లో వాడ ఎక్కడ?

2021 నవంబరులో గ్లాస్గో వాతావరణ సభలో భారత ప్రభుత్వం 2070 నాటికి దేశపు నికర కర్బన ఉద్గారాల్ని సున్నాకి తెస్తానని ప్రకటించింది. ఇట్లాంటి మాట వెనక ఒక లెక్క ఉంటుంది. ఏ ఏట ఎంత బొగ్గు తగ్గాలి, ఎంత సోలార్ పెరగాలి, ఎన్ని లైన్లు వెయ్యాలి, ఎంత అప్పు తేవాలి అనే లెక్క. దాన్ని వేసే పనిముట్టుని ఎనర్జీ మోడల్ అంటారు. ఇది ఇంజనీర్ల గొడవ, మనకెందుకని చాలామంది పక్కన పెడతారు. నేనూ చాలాకాలం అట్లనే పెట్టాను. ఎవరి కింద నుంచి భూమి పోతుందో, ఎవరికి కూలి ఆగుతుందో చాలావరకు ముందే తేలిపోయేది ఈ లెక్కల్లోనే అని అర్థమయ్యాక, దీన్ని విప్పి చూడక తప్పలేదు.

మోడళ్లు ఎన్నో రకాలు. ఒక రకం లెక్కల పెట్టె లాంటిది. 2014లో ప్రణాళికా సంఘం 2047 దాకా ఇంధన దృశ్యాల్ని చూపే ఒక పనిముట్టు విడుదల చేసింది. తర్వాత నీతి ఆయోగ్ దాన్ని తిరగరాసింది. అందులో ఒక్కొక్క రంగానికి నాలుగేసి మెట్లు. సోలార్‌ని మూడో మెట్టు మీద పెట్టు, బొగ్గుని రెండో మెట్టు మీద పెట్టు, ఫలితం చూడు. ఎవరైనా తిప్పి చూడొచ్చు గనక ఇది కొంత ప్రజాస్వామికమైనదే. మెట్లు ఎక్కడ పెట్టాలో మాత్రం ముందే ఎవరో నిర్ణయించి ఉంటారు.

రెండో రకం ఇంకా బలమైనది. 1970ల చివర్లో, పెట్రోలు ధరలు మండిపోయిన కాలంలో, అంతర్జాతీయ ఇంధన సంస్థ పూనికతో మార్కల్ అనే మోడల్ తయారైంది. ఇప్పుడు వాడే టైమ్స్ దాని వారసురాలు. దీని పద్ధతి సంతకు పోయిన ఇల్లాలి పద్ధతే. ఇంట్లో ఇంతమంది, వారానికి ఇంత తిండి కావాలి, చేతిలో ఉన్న డబ్బు ఇంత, అంగడిలో ధరలు ఇవి. అన్నిటిలోకీ తక్కువ ఖర్చుతో సంచి నింపుకు రావాలి. మోడల్ కూడా 2030కి ఇంత కరెంటు, 2050కి ఇంత కరెంటు కావాలనుకుని, పొగకి ఒక హద్దు పెట్టుకుని, బొగ్గు, గాలి, ఎండ, నీరు, అణువు ధరల్ని పోల్చి, మొత్తం ఖర్చు అతి తక్కువయ్యే దారి ఏదో వెతుకుతుంది. ఇక్కడ పట్టుకోవలసిన మాట 'మొత్తం'. సంతకి పోయిన ఇల్లాలికి ఇంట్లో ఎవరు పస్తున్నారో తెలుసు. మోడల్‌కి మొత్తం ఖర్చు తెలుసు గాని ఆ ఖర్చు ఎవరి జేబులోంచి, ఎవరి ఒంట్లోంచి పోతుందో తెలియదు. అడగడానికి దానిలో గడి లేదు.

ఇంకో కిటుకు ఉంది. రేపటి రూపాయి ఇవాళ్టి రూపాయి కంటే తక్కువ అని మోడల్ అనుకుంటుంది. దాన్ని డిస్కౌంట్ రేటు అంటారు. ఏటా 10 శాతం చొప్పున తగ్గిస్తే, 30 ఏళ్ల తర్వాత జరగబోయే 100 రూపాయల నష్టం ఇవాళ్టి లెక్కలో 5 రూపాయల 73 పైసలే. 3 శాతం చొప్పున అయితే 41 రూపాయలు. అదే నష్టం, అదే మనిషి. రేటు మార్చగానే ఏడింతల తేడా. ఇది ఎంత ఉండాలనేది గణితం చెప్పదు, మనుషులు తేలుస్తారు. ఇవాళ భూమి కోల్పోయిన కుటుంబంలోని పిల్లల బతుకు ముప్పై ఏళ్ల తర్వాత ఎట్లా ఉంటుందనే ప్రశ్న, రేటు ఎక్కువైతే లెక్కలోనే ఇంకిపోతుంది.

సోలార్‌కి ఎండతో పాటు భూమి కావాలి. దేశంలో సోలార్ శక్తికి ఎంత అవకాశం ఉందో చెప్పడానికి చాలా ఏళ్లు వాడిన అంకె 748 గిగావాట్లు. జాతీయ సౌరశక్తి సంస్థ దీన్ని ఎట్లా తేల్చిందంటే, దేశంలోని బంజరు భూముల్లో 3 శాతం మీద పలకలు పరిస్తే ఎంత వస్తుందో చూసింది. వినడానికి 3 శాతం ఏపాటి? కాని బంజరు అని ఎవరన్నారు? బంజరు భూముల పటాల్ని ఉపగ్రహం తీసిన ఫొటోలతో తయారు చేసేది హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రమే. ఉపగ్రహానికి పచ్చదనం కనబడుతుంది. అక్కడ మేకలు మేసేది కనబడదు. పొయ్యిలోకి కంప కొట్టుకునేది కనబడదు. ఊరికి దూరంగా వాడ వాళ్లకి చూపించిన శ్మశానం కనబడదు. రెండేళ్లకొకసారి వాన పడితే కొర్రో, కందో వేసుకునే చెక్క కనబడదు. తెల్లదొరల రెవెన్యూ దఫ్తర్లలో శిస్తు రాని నేలను పనికిరాని నేల కింద రాసుకునేవారు. శిస్తు పోయింది, ఆ పేరు ఉండిపోయి ఇవాళ మోడల్‌లోకి ముడిసరుకై దిగింది.

అనంతపురం జిల్లాని ఆనుకుని, మూడు వైపులా ఆంధ్ర ఊళ్ల మధ్య ఉన్న కర్ణాటక తాలూకా పావగడ. తుముకూరు జిల్లా. ఇళ్లలో తెలుగు, బడిలో కన్నడం. ఏళ్ల తరబడి కరువు తాలూకాగా ప్రకటించిన చోటు. ఇక్కడ వళ్లూరు, తిరుమణి మొదలైన 5 ఊళ్ల కింద దాదాపు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు కట్టారు. 2018లో మొదలై, 2019 చివరికి పూర్తయింది. భూమిని కొనలేదు. 28 ఏళ్లకు కౌలుకి తీసుకున్నారు. ఎకరాకి ఏడాదికి 21,000 రూపాయలు, రెండేళ్లకొకసారి 5 శాతం పెంపు. భూసేకరణలో జరిగే బలవంతం తప్పింది కాబట్టి దీన్ని మంచి నమూనాగా దేశమంతా చెప్పుకున్నారు. అందులో నిజం ఉంది కూడా. బోర్లు ఎండి, వేరుశనగ వేసి అప్పుల పాలైన రైతుకి ఏటా ఠంచనుగా డబ్బు వస్తే కాదనేదెవరు?

ఇప్పుడు కూలి వైపు నుంచి చూద్దాం. పదెకరాల ఆసామికి ఏడాదికి 2,10,000 రూపాయలు. ఎకరం ఉన్నవాడికి 21,000, అంటే రోజుకి 57 రూపాయలు. సెంటు భూమి లేనివాడికి సున్నా. ఈ ప్రాంతంలో వేరుశనగ పంట అంటే విత్తనాలు ఒలిచే దగ్గర్నుంచి, కలుపు తీసి, చెట్టు పీకి, కాయ తెంపేదాకా కూలి పని. అందులో ఆడవాళ్ల చేతులే ఎక్కువ. ఆ పని చేసే భూమిలేని కుటుంబాల్లో మాదిగలు, ఇతర దళిత కులాల వాళ్లు ఎందరో. కంచె పడగానే ఆ పని పోయింది, మేకల బీడు పోయింది. బదులుగా వచ్చినవి పలకలు కడగడం, గడ్డి కోయడం, కాపలా. వేల ఎకరాల మీద సాగిన కూలికి ఇవి ఏమూలకి? ఆ కొద్ది పనీ కాంట్రాక్టరు చేతి మీదుగా వస్తుంది. కాంట్రాక్టరు చెయ్యి ఏ కులం వైపు ముందు చాస్తుందో మనకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఈ కథలో ఎవరూ మోసం చెయ్యలేదు, అక్కడే ఉంది ఇబ్బంది. ఒప్పందం భూమి పట్టాదారుతో కుదిరింది, డబ్బు పట్టాదారుకి చేరింది. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో సాగులో ఉన్న విస్తీర్ణంలో షెడ్యూల్డు కులాల చేతిలో ఉన్నది సుమారు 8.6 శాతం, 2011 జనాభాలో వాళ్లు 16.6 శాతం. పరిహారం భూమిని అనుసరించి పంచితే, భూమి పంపకంలో ఉన్న కులం పరిహారంలోకి నేరుగా దిగుతుంది. మోడల్ దీన్ని 'భూమి ఖర్చు' అనే ఒకే అంకెగా రాసుకుంటుంది. ఎకరాకి 21,000. అది తక్కువగా ఉంటే చాలు, దానికి సంతోషం.

కర్నూలు వైపు సంగతి వేరు. గని, శకునాల గ్రామాల దగ్గర 2017లో పూర్తయిన 1,000 మెగావాట్ల పార్కు దాదాపు 5,900 ఎకరాల్లో ఉంది. ఇట్లాంటి చోట్ల సర్కారు భూమి అనే మాట వినగానే ఆగి అడగాలి. సర్కారు భూమి మీద ఎవరు సాగు చేస్తున్నారు? డీఫారం పట్టా ఉందా? శివాయిజమా కింద ఏళ్లుగా దున్నుతూ కాగితం లేకుండా ఉన్నారా? 1977 నాటి చట్టం అసైన్డు భూమి చేతులు మారకుండా కాపాడాలని వచ్చింది. అది పేదవాడి చేతిలోంచి పక్క ఆసామికి పోకుండా కొంత ఆపింది గాని, ప్రభుత్వమే వెనక్కి తీసుకుంటే ఏమిస్తారనే ప్రశ్న మిగిలిపోయింది. అసైన్డు భూమికీ పట్టా భూమితో సమానంగా పరిహారం ఇవ్వాలని 2004లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం చెప్పింది. కాగితం ఉన్నవాళ్ల సంగతి ఇది. లేనివాళ్లు ఆక్రమణదారులు. వాళ్ల సాగు ఖరీదు మోడల్‌కి సున్నా రూపాయలు, అందుకే మోడల్ ముందుగా పరుగెత్తేది అక్కడికే.

బొగ్గు వైపు మాత్రం కొంత జాగ్రత్తగా మాట్లాడాలి. సోలార్ వస్తే సింగరేణిలో మనవాళ్ల ఉద్యోగాలు పోతాయని ఒక భయం ఉంది. అది ఉత్త భయం కాదు. కొత్తగూడెం, గోదావరిఖని, మందమర్రిల్లో జీతం, క్వార్టరు, ఆసుపత్రి చూసిన మొదటి తరం దళితులు ఎందరో గనిలో దిగినవాళ్లే. ఊరి దొర ముందు నిలబడగలిగే ధైర్యం కొంత ఆ జీతం నుంచే వచ్చింది. కాని లెక్క చూడండి. 1990ల మొదట్లో లక్ష దాటి ఉన్న కార్మికులు ఇప్పుడు 40,000 చుట్టుపక్కల. అదే కాలంలో బొగ్గు తగ్గిందా? 2000-01లో ఇంచుమించు 3 కోట్ల టన్నులు తీస్తే 2023-24లో 7 కోట్ల టన్నులు తీశారు. అంటే ఉద్యోగాన్ని తిన్నది ఎండ కాదు. ఓపెన్‌కాస్టు, యంత్రం, కాంట్రాక్టు పద్ధతి కలిసి తిన్నాయి. మోడల్‌లో 'టన్నుకి ఇంతమంది' అని ఒక అంకె పెడతారు. రిజిస్టరులో ఉన్న పర్మినెంటు కార్మికుల నుంచి ఆ అంకె తీస్తే కాంట్రాక్టు కార్మికుడు, లారీ నింపే కూలి, బస్తీలో టీ బంకు నడిపేవాడు అందులో ఉండరు. బొగ్గు మూతపడే రోజున 'న్యాయమైన మార్పు' పేరుతో ఇచ్చే ప్యాకేజీ కూడా ఆ అంకె మీదే నిలబడుతుంది.

మరి మోడల్ పనికిరాదా? నేను అట్లా అనను. అమూల్య రెడ్డి అనే శాస్త్రవేత్త బెంగుళూరులో చేసిన పని గుర్తు చేసుకోవాలి. 1980ల చివర కర్ణాటక ప్రభుత్వ సంఘమొకటి 2000 నాటికి రాష్ట్రానికి ఎంత కరెంటు కావాలో లెక్కగట్టి బ్రహ్మాండమైన ప్లాంట్ల జాబితా ఇచ్చింది. పాత పెరుగుదలని ముందుకు సాగదీసిన లెక్క అది. రెడ్డి బృందం ప్రశ్న తిప్పి అడిగింది. కరెంటు ఎవరికి, దేనికి? వెలుతురుకి ఎంత, వంటకి ఎంత, నీళ్లు తోడడానికి ఎంత? దీపంలేని ప్రతి ఇంటికీ దీపం ఇవ్వాలని మొదటే పెట్టుకుని, మెరుగైన పనిముట్లతో లెక్క వేసింది. దానికి డిఫెండస్ అని పేరు. అందరి ఇళ్లకీ వెలుతురు ఇచ్చినా ప్రభుత్వ సంఘం అడిగిన దానిలో సగం కంటే తక్కువ కరెంటు సరిపోతుందని తేలింది. మామూలు మోడల్‌కి కొనే శక్తి ఉన్నవాడి కోరికే డిమాండు. రెడ్డి లెక్కలో అవసరం ముందు వచ్చింది.

అయితే డిఫెండస్‌లో కూడా కులం లేదు. పేద ఇల్లు, దీపం లేని ఇల్లు అనే గడుల దగ్గర అది ఆగింది. దీపం లేని ఇల్లు ఊరి చివర ఎందుకుందో, లైను ఊరి మధ్య దాకా వచ్చి వాడ ముందు ఎందుకు ఆగేదో ఆ గడి చెప్పదు. ఇప్పుడు ఆ సాకు కూడా లేదు. ఆంధ్రప్రదేశ్ 2024 జనవరిలోనూ, తెలంగాణ 2024 నవంబరులోనూ ఇంటింటి కుల సర్వే చేశాయి. పార్కు పెట్టదలచిన మండలంలో భూమి ఎవరికి ఉంది, ఎవరికి లేదు, ఎవరు కూలి మీద బతుకుతున్నారు అనే వివరాల్ని మోడల్‌కి కలపడానికి అడ్డొచ్చే గణితమేమీ లేదు. 'భూమి ఖర్చు' పక్కన 'పోయే కూలి దినాలు' అని ఇంకో వరస వేసి, దానికీ రూపాయల్లో విలువ కట్టి, ఆ డబ్బు ఎవరి ఖాతాలో పడాలో రాసిపెట్టొచ్చు. పావగడ పద్ధతిలో అయితే ఒక్కో గిగావాట్‌కి 6,300 ఎకరాలకు పైగా పోతుంది. 2024 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ తెచ్చిన క్లీన్ ఎనర్జీ విధానం 160 గిగావాట్లకు పైగా పెట్టాలంటోంది. అందులో నేల మీద పరిచే పలకల వాటా ఎంతైతే అన్ని వేల ఎకరాలకి కూలి దినాల వరస ఖాళీగానే ఉంది.