కారపు గరిజెలు

తెలంగాణలో గరిజెలు రెండు రకాలు. కుడుక తురుము, నువ్వులు, పుట్నాల పొడి, చక్కెర కలిపి కూరితే తీపి గరిజె. దసరాకూ దీపావళికీ డబ్బాల్లోకి ఎక్కేది, ఆడబిడ్డ సారెతో అత్తగారింటికి వెళ్లేది ఇదే. మటన్ ఖీమానో కోడి ఖీమానో వండి కూరితే కారపు గరిజె. రెండింటికీ ఆకారం ఒక్కటే. పూరీ అంత రొట్టె ఒత్తి, మధ్యలో కూర పెట్టి, సగానికి మడిచి, అంచు నొక్కి నూనెలో వేయిస్తారు. ఉమ్మడి వరంగల్‌లోని పరకాల చుట్టుపక్కల పండుగ గరిజెలు చేసే ఇండ్లకు కారపు గరిజె కొత్త విద్య కాదు. మారేదల్లా లోపల పెట్టేదాని స్వభావం. తీపి పొడిలో నీరు ఉండదు. ఖీమాలో, ఉల్లిగడ్డలో, ఆలుగడ్డలో ఉంటుంది. ఆ నీరు పొరలోకి దిగితే గరిజె మెత్తబడుతుంది, ఆవిరై ఉబ్బితే అంచు విడిపోతుంది, నూనెలోకి కారితే చిటపటమని చెయ్యి కాలుస్తుంది. కారం కూరి వేయించే వంటలన్నిట్లో అసలు నేర్పు ఆ తడిని అదుపు చేయడంలోనే ఉంది.

గరిజెకు దగ్గరి చుట్టం సమోసా. పదకొండో శతాబ్దంలో పర్షియన్ చరిత్రకారుడు బైహఖీ రాతల్లోనే దాని ప్రస్తావన ఉంది. ఢిల్లీ సుల్తానుల కాలంలో పెద్దింటివాళ్లు మాంసం, నెయ్యి, ఉల్లిగడ్డలతో చేసిన సమోసాలు తినేవారని అమీర్ ఖుస్రో రాశాడు. పద్నాలుగో శతాబ్దంలో మహమ్మద్ బిన్ తుగ్లక్ కొలువు చూసిన ఇబ్న్ బతూతా మరికాస్త వివరంగా చెప్పాడు: సన్నగా కొట్టిన మాంసంలో బాదం, పిస్తా, అక్రోట్, ఉల్లిగడ్డ, మసాలాలు కలిపి, పలుచని రొట్టెలో చుట్టి నేతిలో వేయించేవారట. మాండూ సుల్తానుల వంటపుస్తకం నిమత్‌నామాలోనూ సమోసా వంటకాలు ఉన్నాయి. ఈ పాత సమోసాల్లో వేటిలోనూ ఆలుగడ్డ లేదు. ఆలుగడ్డ, మిరపకాయ రెండూ అమెరికా ఖండపు పంటలు, పోర్చుగీసువాళ్ల రాక తర్వాతే ఇక్కడి వంటింట్లోకి వచ్చాయి. ఆ లెక్కన ఇవాళ బజార్లో తొలి పేరు తెచ్చుకున్న ఆలు సమోసా కుటుంబంలో చిన్నదే, ఖీమా కూరినది పెద్దది.

హైదరాబాద్ పెండ్లి విందుల్లో కనిపించే లుఖ్మీ కూడా ఈ ఇంటిదే. చదరంగా, కాస్త మందంగా, లోపల ఖీమాతో ఉంటుంది. మధ్య ఆసియాలో సంసాను తందూరులో కాలుస్తారు, సోమాలియా వైపు సంబూసా వేయిస్తారు, మలేసియాలో కరిపాప్‌లో ఆలుగడ్డ కూర పెడతారు. ఇంగ్లండ్‌లో కార్నిష్ పేస్టీ అనే అర్ధచంద్రపు రొట్టెకు 2011లో యూరోపియన్ యూనియన్ ప్రాంతీయ రక్షణ దక్కింది. దాని పద్ధతి గరిజెకు సరిగ్గా తలకిందులు. అందులో మాంసం, ఆలుగడ్డ పచ్చివే పెట్టి మూసి, పొయ్యిలో నిదానంగా కాలుస్తారు. గరిజె నూనెలో ఉండేది నిమిషాలే కాబట్టి పచ్చి ఖీమా ఉడకడానికి ఆ సమయం చాలదు. అందుకే ముందే పూర్తిగా వండాలి.

పిండి

పదిహేను, పదహారు గరిజెలకు పావుకిలో మైదా కావాలి. అర చెంచా ఉప్పు, అర చెంచా వాము నలిపి వేసి, మూడు పెద్ద చెంచాల కరిగించిన నెయ్యి గానీ వేడి నూనె గానీ పోసి, నీళ్లు తగలకముందే వేళ్లతో బాగా రుద్దాలి. పిండి రేణువుకు నెయ్యి పట్టుకుంటే నీళ్లు పోశాక మైదాలోని మాంసకృత్తులు సాగే తీగల్లా అల్లుకోవడం తగ్గుతుంది. కరకరలాడే గుణం అక్కడి నుంచే వస్తుంది. పిడికిట్లో పట్టి నొక్కితే ముద్దగా నిలిచి, వేలితో తాకగానే విరగాలి. అప్పుడు నీళ్లు కొద్దికొద్దిగా చల్లుతూ పూరీ పిండి కన్నా గట్టిగా కలపాలి. ఈ కొలతకు ముప్పావు గ్లాసు కన్నా తక్కువే పడతాయి.

కలిపిన ముద్దను తడిగుడ్డ కప్పి అరగంట వదిలేయాలి. తొందరపడి ఈ అరగంట మింగేసేవారే ఎక్కువ, తర్వాత రొట్టె ఒత్తిన కొద్దీ వెనక్కి ముడుచుకుంటుందని విసుక్కునేదీ వారే. నాననిస్తే పిండి బిగువు సడలి, పలుచగా, సమంగా సాగుతుంది.

నెయ్యి పాళ్లను బట్టే పొరల్లో తేడాలు వస్తాయి. మూడు చెంచాలతో అయ్యే గరిజె పొర మడతకు లొంగుతుంది, విరగదు. అదే పావుకిలోకు నాలుగైదు చెంచాలు వేస్తే పెళుసైన, గుల్లగా విరిగే ఆలు సమోసా పొర వస్తుంది. లుఖ్మీకి నెయ్యితో పాటు కొంచెం పెరుగు కలుపుతారు, అది కరకరకూ మెత్తదనానికీ నడుమ ఉంటుంది. మైదా వద్దనుకుంటే సగం గోధుమపిండి కలపొచ్చు. రుచి బాగుంటుంది, రంగు ముదురుతుంది, నీళ్లు కాస్త ఎక్కువ తాగుతుంది. మొత్తం గోధుమపిండితో చేస్తే చల్లారాక సాగుతుంది, కాబట్టి వేడిగా తినేయాలి.

ఖీమా

పావుకిలో ఖీమా ఈ పిండికి సరిపోతుంది. కడిగాక జల్లిగిన్నెలో పావుగంట ఉంచి నీళ్లు ఓడ్చాలి. రెండు చెంచాల నూనెలో సన్నగా తరిగిన రెండు ఉల్లిగడ్డలు ఎర్రగా వేయించి, అల్లం ఎల్లిగడ్డ ముద్ద, పసుపు, కారం, ఉప్పు, ఆపైన ఖీమా వేసి మూతపెట్టాలి. నీళ్లు పోయనక్కరలేదు. ఖీమా ఊరిన నీటిలోనే ఉడుకుతుంది. మెత్తబడ్డాక మూత తీసి, మంట పెంచి, అడుగంటకుండా కలుపుతూ ఆ నీరంతా ఎగరగొట్టాలి. కూరను పక్కకు నెట్టి కడాయిని వంచితే నూనె మాత్రమే దిగాలి, నీటి చుక్క కనిపించకూడదు. ఈ గుర్తు వచ్చేదాకా ఓపిక పడితే మిగతా పని సులువు. ధనియాల పొడి, గరం మసాలా చివర్లో వేసి, మంట ఆపాక పుదీనా, కొత్తిమీర కలపాలి. ముందే వేస్తే వాటి తాజా వాసన పోతుంది. నిమ్మకాయ కూడా ఆఖరున, నాలుగైదు చుక్కలకు మించకుండా.

కారం విషయంలో ఈ ప్రాంతానికి ఒక వరం ఉంది. ఉమ్మడి వరంగల్ రైతులు పండించే చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గుండ్రంగా ఉండే ఈ కాయ చిక్కని ఎరుపునిస్తుంది, ఘాటు తక్కువ. దాని పొడి వేస్తే ఖీమా నిండుగా ఎర్రబడుతుంది, పిల్లలూ తినగలుగుతారు. ఘాటు కావాలంటే పచ్చిమిరపకాయలు విడిగా వేసుకోవచ్చు.

కూర పూర్తిగా చల్లారాకే పిండిలో పెట్టాలి. గోరువెచ్చగా ఉన్నా దాని ఆవిరి లోపలి పొరను తడిపి, నూనెలోకి వెళ్లకముందే పలుచబరుస్తుంది. ఒక పళ్లెంలో పరిచితే పావుగంటలో ఆరుతుంది. పిండిని నిమ్మకాయంత ఉండలు చేసి, పూరీలా ఒత్తి, ఒక సగం మీద పెద్ద చెంచాడు కూర పెట్టి, అంచు చుట్టూ వేలితో తడి రాసి మడవాలి. నొక్కేటప్పుడు కూర ఉన్న చోటి నుంచి అంచు వైపు గాలిని బయటికి నెట్టడం మరిచిపోకూడదు. లోపల మిగిలిన గాలి నూనెలో వ్యాకోచించి, బలహీనంగా ఉన్న చోట పొరను చీలుస్తుంది. అంచును పళ్ల చక్రంతో కోయొచ్చు, గరిజెల అచ్చులో నొక్కొచ్చు. చేత్తో అంచును కొంచెం కొంచెంగా లోపలికి మడుస్తూ జడలా అల్లుకుంటూ పోవడం అన్నిటికన్నా గట్టిది, చూడముచ్చటైనది కూడా. అచ్చుతో పని వేగంగా సాగుతుంది గానీ అల్లిన అంచు విడిపోవడం చాలా అరుదు.

ఉల్లిగడ్డ సమోసా

ఇరానీ చాయ్ పక్కన వచ్చే చిన్న సమోసా తీరే వేరు. దాని పొరలో నెయ్యి ఉండదు. మైదా, ఉప్పు, నీళ్లు, చెంచా నూనెతో మెత్తగా కలిపి, రెండు చిన్న పూరీల మధ్య నూనె రాసి పొడిపిండి చల్లి, ఒకదానిపై ఒకటి పెట్టి వీలైనంత పలుచగా ఒత్తుతారు. పెనం మీద రెండు వైపులా చూపించి, రంగు రాకముందే తీసి, వేడిగా ఉండగానే రెండు పొరలూ విడదీస్తారు. నాలుగు వేళ్ల వెడల్పు పట్టీలుగా కోస్తే ఇదే సమోసా పట్టీ. ఆరకుండా గుడ్డలో చుట్టి ఉంచాలి. ఇది కుదరనివారు బజార్లో దొరికే పట్టీ వాడినా తప్పేమీ లేదు, లోపలి కూర ఇంటిదైతే సగం రుచి దక్కినట్లే.

ఇక్కడ ఉల్లిగడ్డ పచ్చిదే పెడతారు, అందుకే తడి సమస్య తీవ్రంగా ఉంటుంది. సన్నగా తరిగి ఉప్పు చల్లి పది నిమిషాలు ఉంచితే నీరు ఊరుతుంది. దాన్ని గట్టిగా పిండేయాలి. ఆపైన గుప్పెడు పలుచని అటుకులు నానబెట్టకుండా అలాగే కలపాలి. మిగిలిన తడిని అటుకులు పీల్చుకుంటాయి, తిన్నప్పుడు వాటి ఉనికి కూడా తెలియదు. ఈ చిన్న సమోసా వెనక ఉన్న పెద్ద తెలివి ఇదే. పచ్చిమిరపకాయలు, కొత్తిమీర, జీలకర్ర పొడి, కొంచెం కారం కలిపి వెంటనే చుట్టేయాలి, ఆలస్యమైతే మళ్లీ నీరు వదులుతుంది. పట్టీ ఒక మూలను ఎదుటి అంచుకు మడిస్తే త్రికోణం వస్తుంది, మరోసారి మడిస్తే సంచి అవుతుంది. దానిలో కూర నింపి, మిగిలిన పట్టీని మూడు అంచులూ కప్పేలా చుట్టి, కొసను మైదా జావతో అతికించాలి. మూలల్లో సూదిమొన అంత సందు ఉన్నా నూనె లోపలికి పోతుంది.

మరికొన్ని రకాలు

ఆలు సమోసాకైతే ఆలుగడ్డలు తొక్కతోనే ఉడికించి, పూర్తిగా ఆరాక చేత్తో చిదమాలి. కోసి ఉడికిస్తే నీళ్లు తాగుతాయి, మరీ మెత్తగా మెదిపితే బంకగా మారతాయి. వానకాలంలో లేత మక్కకంకులు వస్తే గింజలు ఉడికించి, సగం కచ్చాపచ్చాగా దంచి, ఉల్లిగడ్డతో వేయించి కూరితే గరిజె తియ్యగా, కారంగా బాగుంటుంది. పాలకూరకు ఖీమా కన్నా ఎక్కువ ఓపిక కావాలి. వేయించి, పిండి, మళ్లీ వేయించి, చెంచాడు వేయించిన శనగపిండి కలిపితే గానీ తడి లొంగదు. కోడిగుడ్డు పొరటు మాత్రం పది నిమిషాల పని. బేకరీ పఫ్‌ల పొరలు ఇంట్లో చేయాలంటే వెన్నతో పదేపదే మడతలు పెట్టి, మధ్యమధ్య చల్లబరచాలి. వేసవిలో ఆ ప్రయత్నం చేయకపోవడమే మేలు.

ప్రయాణానికి పనికొచ్చేది పొడి కారపు గరిజె. పుట్నాలు, వేయించిన పల్లీలు, నువ్వులు, కుడుక, ఎండుమిర్చి, ఎల్లిగడ్డ, ఉప్పు దంచి, పొడిగానే కూరాలి. ఎల్లిగడ్డను ముందే నూనెలో కరకరలాడేలా వేయించుకోవాలి. తీపి గరిజెలాగే ఇందులోనూ నీరు లేదు కాబట్టి మూత బిగించిన డబ్బాలో కొన్ని రోజులు నిలుస్తుంది. మేడారం జాతరకు కుటుంబంతో బయల్దేరేవారికి ఖీమా గరిజె కన్నా ఇదే భద్రం.

నూనె

పల్లి నూనె మంచిది. గరిజెలకు, ఆలు సమోసాలకు సన్నని మంట కావాలి. చిన్న పిండి ముక్క వేస్తే అడుగుకు వెళ్లి, నెమ్మదిగా బుడగలతో పైకి తేలాలి. కొలిచే సాధనం ఉంటే 150 నుంచి 160 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆపాలి. నూనె బాగా కాగి ఉంటే పొరలోని నీరు ఒక్కసారిగా ఆవిరై పైన బొబ్బలు లేస్తాయి, ఎరుపు త్వరగా వస్తుంది, లోపలి పొర పచ్చిగానే ఉండిపోతుంది. మరీ చల్లగా ఉంటే పిండి నూనె తాగుతుంది. పది, పన్నెండు నిమిషాలు నిదానంగా తిప్పుతూ వేయించాలి. పట్టీ సమోసాకు ఇంత ఓపిక అక్కర్లేదు, 175 డిగ్రీల దగ్గర మూడు, నాలుగు నిమిషాలు చాలు. కడాయి నింపకూడదు, ఎక్కువ వేస్తే నూనె వేడి పడిపోతుంది. తీశాక ఒకదానిపై ఒకటి పోయకుండా జల్లెడలో నిలబెట్టాలి. పోగు పోస్తే లోపలి ఆవిరి బయటపడే దారి లేక పొరలోనే నీరవుతుంది.

వాడిన నూనెను వడకట్టి తాలింపులకు త్వరగా వాడేయాలి, మళ్లీ మళ్లీ కాచకూడదు. హోటళ్లకు, మిఠాయి దుకాణాలకు ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2018 జూలై 1 నుంచి ఒక హద్దు పెట్టింది. కాగినకొద్దీ నూనెలో పెరిగే పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే దాన్ని వంటకు వాడరాదు. ఇంట్లో కొలిచే వీలు లేదు గానీ నూనె నల్లబడి, చిక్కబడి, నురగ కడితే పారబోయాల్సిందే.

నూనె తగ్గించాలనుకునేవారు గరిజెల పైన నెయ్యి పూసి, 180 డిగ్రీల ఓవెన్‌లో 25 నుంచి 30 నిమిషాలు కాల్చుకోవచ్చు, మధ్యలో ఒకసారి తిప్పాలి. గరిజె పొరకు ఇది నప్పుతుంది. పట్టీ సమోసా మాత్రం కాల్చితే అట్టలా ఎండుతుంది.

నిల్వ

ఖీమా గరిజెలను వేయించాక రెండు గంటలకు మించి బయట ఉంచకూడదు, ఎండాకాలమైతే గంట చాలు. పండుగకు ముందే చేసి పెట్టుకోవాలంటే వేయించకుండా దాచడం మేలు. మడిచిన గరిజెలను ఒకదానికొకటి తగలకుండా పళ్లెంలో పరిచి డీప్ ఫ్రీజర్‌లో గట్టిపడనిచ్చి, తర్వాత సంచిలోకి మార్చాలి. నెల రోజులు బాగుంటాయి. వేయించేటప్పుడు కరగనివ్వకుండా నేరుగా సన్నమంట నూనెలోకి వదలాలి. కరిగితే పొర మీద చెమ్మ పడుతుంది, పిండి అడుగున అతుక్కుంటుంది. చల్లని గరిజెలకు మూడు, నాలుగు నిమిషాలు ఎక్కువ పడుతుంది. లోపల ఖీమా పొగలు కక్కే వేడి చేరిందో లేదో ముందుగా ఒకటి విరిచి చూశాకే మిగతావి తీయాలి. వేయించినవి మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టి మరుసటి రోజు మూత పెట్టకుండా పెనం మీద సన్నమంటపై రెండు వైపులా వేడి చేయాలి. మైక్రోవేవ్‌లో పెడితే లోపలి తడి పొరకెక్కి గరిజె సాగుతుంది.