పైకప్పు లేకుండా పుట్టిన బండి

ఓపెన్ టాప్ బండి అనగానే విదేశాల్లో రెండు సీట్ల స్పోర్ట్స్ కారు గుర్తొస్తుంది. నంద్యాల, ఆళ్ళగడ్డ వైపు మాత్రం జీపు, దాని వారసుడు థార్ గుర్తొస్తాయి. నంద్యాల దగ్గరి గోస్పాడులో ఉంటూ రోజూ తిరగడానికి సెకండ్ హ్యాండ్‌లో అలాంటి బండి కొనవచ్చా? జవాబు ఆ యంత్రం పుట్టుకలోనే ఉంది.

1940లో అమెరికా సైన్యానికి తేలికైన, నాలుగు చక్రాలూ లాగే బండి అవసరమైంది. 135 కంపెనీలను అడిగి, నమూనా తయారీకి 49 రోజుల గడువు పెట్టింది. బాంటమ్ అనే చిన్న కంపెనీ కోసం కార్ల్ ప్రాబ్‌స్ట్ అనే ఇంజనీరు రెండు రోజుల్లో నక్షాలు గీశాడు. సెప్టెంబరు 23న బండి మేరీల్యాండ్‌లోని సైనిక కేంద్రానికి చేరింది. తర్వాత విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు రంగంలోకి దిగి, యుద్ధం ముగిసేలోగా ఆరు లక్షలకు పైగా జీపులు తయారుచేశాయి. విల్లీస్ ఇంజను 2.2 లీటర్లు, 60 హార్స్‌పవర్. శత్రువు కంటబడకుండా బండి ఎత్తు తగ్గాలి, ఓడల్లో తక్కువ చోటులో పట్టాలి. అందుకే ముందు అద్దం బానెట్ మీదికి వాలుతుంది, పైన కాన్వాసు గుడ్డే ఉంటుంది.

మన దేశంలో 1945 అక్టోబరు 2న లూధియానాలో మహీంద్రా అండ్ మొహమ్మద్ సంస్థ మొదలైంది. దేశ విభజన తర్వాత భాగస్వామి గులామ్ మొహమ్మద్ పాకిస్తాన్‌కు వెళ్ళి ఆర్థిక మంత్రి అయ్యారు, సంస్థ పేరు మహీంద్రా అండ్ మహీంద్రాగా మారింది. విల్లీస్ విడిభాగాలు తెప్పించి బొంబాయిలో బిగించడంతో మొదలైన ఆ పని క్రమంగా సొంత తయారీగా ఎదిగింది. తర్వాత ప్యూజో డీజిల్ ఇంజన్లు వచ్చాయి, 2010లో థార్ వచ్చింది. పేరు మారినా కింది నిర్మాణం మాత్రం పాతదే.

కొనేవాళ్ళు ముందుగా అర్థం చేసుకోవలసింది ఆ నిర్మాణాన్నే. మామూలు కారులో బాడీయే బలం, పైకప్పు అందులో భాగం. మూత తీసిన అట్టపెట్టె చేతిలో ఎలా మెలితిరుగుతుందో, కప్పు కోసేసిన కారూ గతుకుల్లో అలాగే మెలితిరుగుతుంది. జీపు బరువంతా మోసేది కింద నిచ్చెనలా ఉండే ఛాసిస్. టాపు తీసినా దాని బలం తగ్గదు. తగ్గేది మనిషికి ఉన్న రక్షణ. బండి పల్టీ కొడితే తలమీద గుడ్డ తప్ప ఏమీ ఉండదు. పైగా పాత జీపుకు చక్రాల మధ్య వెడల్పుతో పోలిస్తే ఎత్తు ఎక్కువ. మలుపులో వేగం రెట్టింపైతే బండిని పక్కకు పడదోసే బలం నాలుగింతలవుతుంది. జాతీయ రహదారి 40 మీద ఖాళీ దొరికిందని పాత జీపును వంద వేగంతో తోలడం ప్రాణానికి ముప్పు.

ఇక ఎండ. నంద్యాల వేసవిలో ఉష్ణోగ్రత 44 డిగ్రీలు దాటడం కొత్త కాదు. మన చర్మం వేడి సుమారు 35 డిగ్రీలు. గాలి అంతకంటే వేడిగా ఉన్నప్పుడు వేగంగా వెళ్ళేకొద్దీ గాలే ఒంట్లోకి వేడి చేరుస్తుంది. అప్పుడు ఒంటిని చల్లబరిచేది చెమట ఒక్కటే. అది పట్టిన వెంటనే ఆరిపోతుంది కాబట్టి ఒంట్లో నీళ్ళు తగ్గుతున్న సంగతే తెలియదు. ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో టాపు తీసి తిరగడం ఒంటికి మంచిది కాదు.

వానాకాలం కథ వేరు. కుందూ నది పక్క నల్లరేగడి తడిస్తే మామూలు కారు చక్రం ఉన్నచోటే తిరుగుతుంది. ఫోర్ వీల్ డ్రైవ్ వేస్తే ముందు చక్రాలూ లాగుతాయి, లో గేరు వేస్తే లాగే బలం పెరుగుతుంది. జీపు విలువ తెలిసేది ఇక్కడే. అయితే ఎండిన తారురోడ్డు మీద ఫోర్ వీల్ డ్రైవ్ వేసి ఉంచకూడదు. మలుపుల్లో ముందు, వెనక చక్రాలు వేర్వేరు దూరాలు తిరుగుతాయి. ఆ తేడా గేర్ల మీద ఒత్తిడిగా పడి వాటిని అరగదీస్తుంది.

కాబట్టి పాత బండి చూసేటప్పుడు పెయింటుకు, వెడల్పు టైర్లకు మురిసిపోకండి. కిందికి వంగి ఛాసిస్ మీద తుప్పు, పగుళ్ళు, వెల్డింగు అతుకులు చూడండి. కమాన్ కట్టలు విరిగాయేమో చూడండి. మెత్తటి నేల మీద ఫోర్ వీల్, లో గేరు వేసి నడిపించి చూడండి. ఇంజను, ఛాసిస్ నంబర్లు ఆర్సీతో సరిపోవాలి. అనుమతి లేకుండా బండి రూపం మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం నేరం. కొన్న తర్వాత ఆ చిక్కు మీ మెడకే చుట్టుకుంటుంది.

నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. పొలానికి తిరగడానికి రెండో బండిగా అయితే, ఛాసిస్ బాగుండి, కాగితాలు సరిగ్గా ఉన్న పాత జీపు మంచి కొనుగోలే. ఇంట్లో ఒకే బండి ఉండి, పిల్లల్ని ఎక్కించుకుని రోజూ నంద్యాల వెళ్ళిరావాలంటే మాత్రం పాతది వద్దు. దాని వెనక సీట్లు పక్కకు తిరిగి ఉంటాయి. ప్రమాదంలో ఆ కూర్చునే తీరే పిల్లలకు ముప్పు. 2020 తర్వాతి థార్‌లో ముందుకు తిరిగిన వెనక సీట్లు, వాటి పైన ఇనుప చట్రం దొరుకుతాయి. ఎయిర్‌బ్యాగులున్న ఆ తరం బండికి గ్లోబల్ ఎన్‌క్యాప్ క్రాష్ పరీక్షలో పెద్దల భద్రతకూ పిల్లల భద్రతకూ నాలుగేసి స్టార్లు వచ్చాయి. అందులో వెనక్కి మడిచే టాపు ఉన్న రకమూ ఉంది. కొంచెం ఆగి, డబ్బు కూడబెట్టుకుని దాన్నే కొనండి. మనసులో కోరికా తీరుతుంది, ఇంట్లోవాళ్ళకు భద్రతా ఉంటుంది.