నెమ్మది ఊపిరి: చీనా దేశపు చీగాంగ్ సాధన

లింగంపేటలోని నాగన్న బావిని చూపించడానికి ఒకనాడు మా విద్యార్థులను తీసికొని వెళ్ళాను. దిగేటప్పుడు ఎవరికీ శ్రమ తోచలేదు. మెట్లెక్కి పైకి వచ్చేసరికి అందరికీ ఆయాసమే. అప్పుడు ఒక అమ్మాయి ఇలా అడిగింది: "సార్, మా అమ్మ పొద్దస్తమానం బీడీలు చుడుతుంది. రక్తపోటుకు గోలీలు వేసుకుంటది. చీనావాళ్ళ ఊపిరి కసరత్తు చేస్తే గోలీలు బంద్ చేయవచ్చని ఫోనులో చూసిందట. నిజమేనా?"

ప్రశ్న చిన్నదే. కాని సమాధానం తప్పితే ఒక మనిషి ప్రాణానికే ముప్పు. కనుక కొంచెం లోతుగా విచారిద్దాం.

ఆ కసరత్తు పేరు చీగాంగ్. చీనా భాషలో "చీ" అంటే ఊపిరి అనీ, ప్రాణశక్తి అనీ అర్థం. "గాంగ్" అంటే సాధన. చేతులను నెమ్మదిగా ఎత్తుతూ దించుతూ, ఆ కదలికకు ఊపిరిని జోడించి, మనస్సును దానిమీదనే నిలపడం ఇందులోని పద్ధతి. మన ప్రాణాయామానికి ఇది దగ్గరి చుట్టం. ఎనిమిది కదలికల "బదువాన్‌జిన్", పులి, లేడి, ఎలుగుబంటి, కోతి, పక్షి నడకలను అనుకరించే "ఐదు జంతువుల ఆట" ఇందులో ప్రసిద్ధమైనవి. చాంగ్‌షా నగరం వద్ద మావాంగ్‌దుయ్ అనేచోట క్రీ.పూ. 168 నాటి సమాధిని 1973లో త్రవ్వగా, ఇటువంటి వ్యాయామాలు చేస్తున్న 44 మంది స్త్రీ పురుషుల బొమ్మలున్న పట్టుగుడ్డ దొరికింది. సాధన ఇంత పాతదైనా, చీగాంగ్ అనే పేరు చికిత్సారంగంలో వ్యాపించినది 1950ల తరువాతనే. లియు గుయ్‌జెన్ 1957లో ప్రచురించిన పుస్తకం అందుకు తోడ్పడింది.

నెమ్మదిగా, లోతుగా ఊపిరి పీలిస్తే ప్రాణవాయువు ఎక్కువగా అందుతుందని చాలామంది అనుకొంటారు. లెక్క వేసి చూద్దాం. విశ్రాంతిగా ఉన్న మనిషి నిమిషానికి సుమారు 15 సార్లు, ప్రతిసారి 500 మిల్లీలీటర్ల గాలి పీలుస్తాడనుకొందాం. అందులో దాదాపు 150 మిల్లీలీటర్లు గాలిగొట్టాలలోనే నిలిచిపోతుంది. గాలిగదులకు చేరేది 350 మాత్రమే. అనగా నిమిషానికి 5,250. అదే మనిషి నిమిషానికి 6 సార్లు, ప్రతిసారి 1,025 మిల్లీలీటర్లు పీల్చినా, గొట్టాలలోని 150 తీసివేయగా నిమిషానికి చేరేది ఆ 5,250 మిల్లీలీటర్లే! పైగా ఆరోగ్యవంతుని ధమనుల రక్తంలోని హీమోగ్లోబిన్ ముందే దాదాపు నిండుగా ప్రాణవాయువును మోస్తూ ఉంటుంది. నిండిన కుండలో ఇంకా నీరు పోసి లాభమేమి?

మరి మేలు ఎక్కడినుండి వస్తుంది? ఎక్కువ భాగం నాడులద్వారా. మన గుండె గడియారం వలె ఒకే తీరున కొట్టుకోదు. ఊపిరి పీల్చినప్పుడు కొంచెం వేగం, వదలినప్పుడు కొంచెం నెమ్మది. గుండెకు కళ్ళెం వేసే వేగస్ నాడి పట్టు సడలుతూ బిగుస్తూ ఉండడమే ఇందుకు ముఖ్య కారణం. మెడలోని పెద్ద ధమనుల గోడలలో రక్తపోటును కనిపెట్టే నాడీకొనలు కూడా ఉన్నవి. ఒత్తిడి పెరిగితే అవి మెదడుకు తెలుపుతాయి. మెదడు గుండెను నెమ్మదింపజేస్తుంది. ఊపిరి నిమిషానికి 6 సార్లకు తగ్గినప్పుడు ఈ రెండు లయలూ కలిసి, ఆ ఏర్పాటు మరింత చురుకుగా పనిచేస్తుంది. 2001లో ప్రకటితమైన ఒక పరిశోధనలో 23 మంది చేత క్రైస్తవ జపమాల ప్రార్థనను, ఒక మంత్రాన్ని చదివించారు. రెండింటిలోనూ ఊపిరి దాదాపు 6 సార్లకే తగ్గింది. శరీరానికి కావలసినది ఆ లయ; అది ఏ దేశపుదైతేనేమి?

విద్యార్థులు దీనిని స్వయంగా పరీక్షించవచ్చు. మణికట్టు నాడిపై వేళ్ళుంచి, 5 సెకండ్లు పీల్చి, 5 సెకండ్లు వదలండి. నాడి వేగంలో తేడా వేళ్ళకే తెలుస్తుంది. పిల్లలలో ఇది మరింత స్పష్టం. ఊపిరి బిగబట్టవద్దు, తల తిరిగితే ఆపివేయండి.

ఇక హద్దులు. చీగాంగ్ చేసినవారిలో రక్తపోటు కొంత తగ్గినట్లు పలు పరిశోధనలలో కనిపించింది. అయితే వాటిలో చాలావరకు చిన్నవి. మాత్రనైతే ఉత్తుత్తి మాత్రతో పోల్చి చూడవచ్చు. వ్యాయామం చేసేవానికి తాను చేస్తున్నానని తెలియకుండా చేయలేము గదా! కనుక ఫలితాన్ని తూచడం కష్టం. గురువు చేతినుండి "చీ" వెలువడి ఇతరుల రోగం పోగొడుతుందనే మాటకైతే రుజువు లేదు.

ఆ అమ్మాయికి నేను చెప్పినది ఇంతే: "అమ్మను గోలీలు మానవద్దని చెప్పు. తగ్గించాలో లేదో రక్తపోటు కొలిచి డాక్టరే చెప్పాలి. కసరత్తు కూడా మానవద్దని చెప్పు. గంటల తరబడి వంగి కూర్చుంటే పొట్ట నొక్కుకొని ఊపిరి పైపైనే ఆడుతుంది. నడుమ నడుమ తునికాకు చాట పక్కన పెట్టి, లేచి నిలబడి, చేతులెత్తి పది నిమిషాలు నెమ్మదిగా ఊపిరి తీయమను. ఖర్చు లేని పని; మందుకు తోడే గాని, మందుకు బదులు కాదు."