గంట పోయి, పట్టెడ వచ్చె

పశువు మెడలో గంట కట్టడం మన పెద్దలు ఎరిగిన పనే. గంట వినబడినంత మేరకే ఆవు జాడ తెలిసేది. గట్టు దాటిందంటే ఇక కాపరి కాళ్ళే గతి. ఇప్పుడు జి.పి.ఎస్. యంత్రం అమర్చిన పట్టెడ వచ్చింది. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలలో కనీసం నాలుగింటి సంకేతాలు అందుకొని, ఆవు ఏ వేళకు ఎక్కడున్నదో అది రాసిపెడుతుంది. 2000 మే నెల వరకు అమెరికా ప్రభుత్వం ఆ సంకేతాలను పౌరులకు కావాలనే మసకపరచి ఇచ్చేది గనుక, లెక్క వంద మీటర్లు తప్పినా తప్పేది. అంత తేడా అయితే ఆవు నీటి దగ్గర ఉన్నదో, చెట్టు కింద ఉన్నదో తేలేదెట్లా?

అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రంలో హోర్నాడా అనే బీడు ఉన్నది. 1912 నుంచి అది పరిశోధన క్షేత్రం. అటువంటి ఎడారి చోట పశువులు నీటితొట్టి చుట్టూనే మూగి, అక్కడి గడ్డిని మొదలంటా కొరికేస్తాయి. దూరాన ఉన్నది అలాగే మిగిలిపోతుంది. అక్కడ బరువు తూగే ఆంగస్–హియర్‌ఫోర్డ్ సంకరపు ఆవులకూ, మెక్సికో కొండల్లో రారామురి గిరిజనులు పెంచే చిన్నపాటి క్రియోల్లో ఆవులకూ పట్టెడలు కట్టి చూశారు. పచ్చిక నిండుగా ఉన్నప్పుడు పెద్ద తేడా లేదు. మేత కరువైన కాలంలో మాత్రం పెద్ద ఆవులు నీటిని అంటిపెట్టుకొని ఉంటే, క్రియోల్లోలు దూరదూరాలు తిరిగి మేశాయి. సంతలో తూకం చూసి వీటిని తీసిపారేసేవారికి ఆ పటం ఒకసారి చూపవలసిందే!

రోజూ హాజరుపట్టీలో సంతకం పెట్టే గుమాస్తాలం గనుక, ఆ ఆవుల మీద మాకు కాస్త జాలి లేకపోలేదు. అయితే పట్టెడ ఆవు నిలిచిన చోటు చెబుతుంది గాని, అక్కడ ఏ గడ్డి కొరికిందో చెప్పదు. అందుకు ఇప్పటికీ మనిషి వెంట నడిచి చూడడమో, పేడ పరీక్షించడమో చేస్తున్నారు.