పింగాణీ అడుగున ఉన్న చిరునామా

గుంటూరులోని మా దూరపు బంధువుల ఇంట, అద్దాల బీరువాలో, అరచేతిలో ఇమిడే తెల్లని పింగాణీ కూజా ఒకటి ఉన్నది. దానిపై రంగుల డాలు, డాలు కింద ఆంగ్లంలో ‘బ్లాక్‌పూల్’ అన్న పేరు. తొంభయ్యేళ్ల దాదీమా దానిని చూపినప్పుడల్లా, “విక్టోరియా రాణి కాలంలో మా మామగారికి బ్లాక్‌పూల్ దొరగారు స్వహస్తాలతో ఇచ్చారు బేటా” అనేవారు. దానిని అమ్మదలచిన మనుమడు, ఎక్కడిదో ఎవరు చేసిందో తేల్చమని నాకు అప్పగించాడు.

బ్లాక్‌పూల్ దొర పేరు కాదు, ఇంగ్లండు వాయవ్య తీరాన ఉన్న విహార పట్టణం. రైళ్లు, 1871 నాటి బ్యాంకు సెలవుల చట్టం సామాన్య కుటుంబాలకు సముద్రతీరాన్ని దగ్గర చేశాయి. వెళ్లినవారు తిరిగి వచ్చేటప్పుడు చవకగా ఒక గుర్తు కొనుక్కోవాలి కదా! ఆ కోరికను ముందుగా గ్రహించినది స్టోక్‌లోని విలియం హెన్రీ గాస్ కుమ్మరిశాల. ఆయన కుమారుడు అడాల్ఫస్, 1880ల నుండి ఊళ్ల చిహ్నాలను చిన్న పాత్రలపై వేయించాడు. ఊరికి ఒక్క వర్తకుడే ఉండాలి, అతడు తన ఊరి చిహ్నమే అమ్మాలి అన్నది వారి నియమం. 1904 నాటికి వీటిని సేకరించేవారికి ఒక సంఘమే ఏర్పడింది. ఆర్కేడియన్, కార్ల్‌టన్, షెల్లీ వంటి పోటీదారులు వచ్చారు. జర్మనీ, బొహీమియా కుమ్మరులు కూడా ఆంగ్ల పట్టణాల డాళ్లు వేసి పంపసాగారు.

చాలామంది పొరపడేది ఇక్కడే. డాలు చెప్పేది వస్తువు అమ్ముడైన ఊరిని, తయారైన ఊరిని కాదు. తయారైన చోటు తెలియాలంటే పాత్రను తలకిందులు చేయాలి. రెక్కలు చాచిన డేగ, దాని కింద గాస్ పేరు ఉంటే అది ఆ కుమ్మరిశాల ముద్ర. అయితే 1929లో సంస్థ చేతులు మారింది. తరువాతి యజమానులు అదే డేగకు ‘ఇంగ్లండ్’ అన్న మాట చేర్చి, నాసిరకం సరుకుపై కూడా వేశారు. కనుక డేగను చూసి తొందరపడరాదు. కొన్నిటిపై నమోదు సంఖ్య ఉంటుంది. 1884లో మొదలైన ఆ వరుస, ఆకృతిని ఎప్పుడు నమోదు చేశారో చెబుతుందే తప్ప ఆ పాత్రను ఎప్పుడు చేశారో చెప్పదు.

ముద్ర లేనప్పుడు వేలే సాక్షి. గాస్ పింగాణీలో దంతపు ఛాయ ఉంటుంది. డాలు గీతలను అచ్చుతో దింపి, రంగులను చేతితో నింపేవారు గనుక అవి వేలికి కాస్త ఉబ్బెత్తుగా తగులుతాయి. ఆకృతికీ డాలుకూ పొత్తు కుదిరితే సేకర్తలు మరింత మక్కువ చూపుతారు. తొలి యుద్ధ ట్యాంకు రూపుదిద్దుకున్నది లింకన్ నగరంలో. కాబట్టి పింగాణీ ట్యాంకుపై లింకన్ డాలు ఉంటే దాని విలువే వేరు. అంచున బంగారు పూత ఉన్నవాటిని మాత్రం ఎన్నడూ గట్టిగా తోమరాదు.

మన కూజాను తిప్పి భూతద్దంతో చూశాను. సగం అరిగిన చిన్న అక్షరాలు: ‘చెకోస్లొవేకియా’. ఆ దేశం పుట్టినదే 1918లో. విక్టోరియా రాణి 1901లోనే మరణించారు.

“అక్షరాలు అరిగే ఉన్నాయి కదా భాయ్‌జాన్, గాస్ అని చెబితే ఎవరు పట్టుకుంటారు?” అన్నాడు మనుమడు. నేను చూసినదే కాగితంపై రాసి అతని చేతికిచ్చాను. అతడు ఆ రోజంతా నాతో మాట్లాడలేదు.

దాదీమాకు చెప్పడమే కష్టమైంది. దొర లేడని విని చాలాసేపు మౌనంగా ఉన్నారు. ఆ తరువాత, “మామగారు ఓడ మీద పనిచేసిన మాట నిజం. ఆ ఊరికి వెళ్లి, తన డబ్బుతోనే కొనుక్కున్నారేమో” అన్నారు. కళ్లద్దాలు తెప్పించుకొని, కూజాను బోర్లించి, “ఏ దేశమన్నావు? మళ్లీ చదువు” అని అడిగారు.