పాఠ్యభాగం 7: మార్పు చేసిన స్పోర్ట్స్ కారు – బరువు, హార్స్‌పవర్, త్వరణాల కొలత

7.0 ఉద్దేశాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరువాత మీరు:
• కారు ద్రవ్యరాశిని ఏ స్థితిలో, ఏ సాధనంతో కొలవాలో చెప్పగలుగుతారు.
• ఇంజన్ వద్ద సామర్థ్యానికీ, చక్రాల వద్ద సామర్థ్యానికీ తేడాను వివరించగలుగుతారు.
• త్వరణం కొలతలో వచ్చే దోషాలను గుర్తించగలుగుతారు.
• మూడు కొలతలను జోడించి ఒక ప్రకటన నిజమో కాదో తేల్చగలుగుతారు.

7.1 పరిచయం

గత పాఠ్యభాగంలో గతిజ శక్తి, సామర్థ్యం అనే భావనలను తెలుసుకున్నారు. ఇప్పుడు వాటిని ఒక నిజమైన యంత్రానికి అన్వయిద్దాం. జపాను సంస్థ మాజ్డా 1989లో ఎంఎక్స్-5 అనే రెండు సీట్ల చిన్న స్పోర్ట్స్ కారును విడుదల చేసింది. అమెరికాలో దీనిని మియాటా అంటారు. అక్కడ అమ్మిన తొలి నమూనాలో 1.6 లీటర్ల ఇంజన్ నిమిషానికి 6500 భ్రమణాల వద్ద 116 హార్స్‌పవర్ ఇచ్చేది. కారు తేలిక కాబట్టి చాలామంది యజమానులు దీనికి టర్బోచార్జర్ బిగించుకుంటారు.

ఒక యజమాని అలాగే చేశాడనుకోండి. కిట్ అమ్మిన వ్యక్తి "ఇప్పుడు మీ ఇంజన్ 200 హార్స్‌పవర్ ఇస్తుంది" అన్నాడు. ఈ మాటను ఎలా పరీక్షిస్తారు? ఇంజన్ శబ్దం పెరిగినంత మాత్రాన సామర్థ్యం పెరిగినట్లు కాదు. కొలిచి చూడవలసిందే. ఈ పాఠంలో ఆ కారుకు ఇచ్చే కొలతలు లెక్క కోసం ఊహించినవి. పద్ధతి మాత్రం వాస్తవమైనది.

7.2 ద్రవ్యరాశిని కొలవడం

లారీలను తూచే వేబ్రిడ్జిని (ధర్మకాటా) మీరు చూసే ఉంటారు. దాని కనీస కొలత 10 కిలోలు అనుకుందాం. 20 టన్నుల లారీకి అది లెక్కలోకి రాదు. టన్ను బరువున్న కారుకు మాత్రం అది 1 శాతం. అందువల్ల పందెపు కార్లకు నాలుగు చక్రాల కింద నాలుగు విడి తూకపు పలకలను ఉంచుతారు. నేల సమతలంగా ఉండాలి, టైర్లలో గాలి సరిగా ఉండాలి.

మన కారును డ్రైవరుతో, సగం ట్యాంకు పెట్రోలుతో తూచినప్పుడు ముందు చక్రాల వద్ద 280, 272 కిలోలు, వెనుక చక్రాల వద్ద 268, 260 కిలోలు వచ్చాయి. మొత్తం 1080 కిలోలు. ఇందులో ముందు భాగం వాటా 552 కిలోలు, అంటే 51.1 శాతం. మార్పుకు ముందు ఇదే స్థితిలో మొత్తం 1050 కిలోలు ఉండేది. అంటే టర్బో, దాని గొట్టాలు, గాలిని చల్లబరిచే పరికరం కలిసి 30 కిలోలు చేర్చాయి.

"ఇదే స్థితిలో" అన్న మాటను గమనించండి. లీటరు పెట్రోలు సుమారు 0.74 కిలోలు ఉంటుంది. 45 లీటర్ల ట్యాంకు నిండుగా ఉంటే 33 కిలోలు అదనం. ట్యాంకు నిండుగా ఉన్నదో ఖాళీగా ఉన్నదో, డ్రైవరు లోపల ఉన్నాడో లేడో చెప్పకుండా ఇచ్చిన బరువుకు అర్థం లేదు.

7.3 హార్స్‌పవర్‌ను కొలవడం

జేమ్స్ వాట్ ఆవిరి యంత్రాన్ని గుర్రంతో పోల్చడానికి ఈ ప్రమాణాన్ని వాడుకలోకి తెచ్చాడు. ఒక హార్స్‌పవర్ అంటే 745.7 వాట్లు. ఐరోపాలో వాడే మెట్రిక్ హార్స్‌పవర్ 735.5 వాట్లు. ప్రమాణం మారితేనే అంకెలో 1.4 శాతం తేడా వస్తుందన్నమాట.

ఇంజన్‌ను బయటకు తీయకుండా సామర్థ్యాన్ని కొలిచే సాధనం చాసిస్ డైనమోమీటర్. కారును పట్టీలతో బిగించి, ఇంజన్ తిప్పే చక్రాలను బరువైన డ్రమ్ముపై ఉంచుతారు. డ్రమ్ము జడత్వం ముందే తెలుసు. అది ఎంత త్వరగా వేగం పుంజుకుంటుందో చూసి సామర్థ్యాన్ని లెక్కిస్తారు.

ఉదాహరణ 1: ఒక డ్రమ్ము 1200 కిలోల ద్రవ్యరాశికి సమానం. దాని ఉపరితల వడి 0.6 సెకన్లలో 28 నుంచి 30 మీ./సె.కు పెరిగింది.
గతిజ శక్తిలో పెరుగుదల = ½ × 1200 × (900 – 784) = 69,600 జౌళ్లు
సామర్థ్యం = 69,600 ÷ 0.6 = 1,16,000 వాట్లు, అంటే సుమారు 155 హార్స్‌పవర్.

ఇది చక్రాల వద్ద లభించిన సామర్థ్యం. గేరుబాక్సు, డిఫరెన్షియల్, టైర్లలో కొంత నష్టం జరుగుతుంది కాబట్టి ఇంజన్ వద్ద ఇంతకంటె ఎక్కువే ఉంటుంది. ఎంత ఎక్కువ? చాలామంది "15 శాతం" అని కలిపేస్తారు. అది కొలత కాదు, ఊహ. అన్ని కార్లకూ ఒకే నష్టం ఉండదు.

గాలిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఇంజన్‌కు ఆమ్లజని గాలి నుంచే వస్తుంది. విశాఖపట్నం సముద్రతీరంలో ఉంది, హైదరాబాదు సుమారు 500 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి వాయు పీడనం తీరప్రాంతం కంటె 5, 6 శాతం తక్కువ. టర్బో లేని ఇంజన్ సామర్థ్యం దాదాపు అంతే తగ్గుతుంది. ఈ తేడాను సరిచేయడానికి అమెరికాలోని ఆటోమోటివ్ ఇంజనీర్ల సంఘం ప్రమాణం 25 డిగ్రీల సెల్సియస్, 99 కిలోపాస్కల్ పొడిగాలి పీడనాలను ఆధారంగా తీసుకుంటుంది. చల్లని గాలిని ఆధారంగా తీసుకొనే పాత ప్రమాణం అదే ఇంజన్‌కు సుమారు 4 శాతం ఎక్కువ చూపుతుంది. టర్బో ఇంజన్లు పీడన లోటును కొంతవరకు తామే పూడ్చుకుంటాయి. కనుక వాటికి సవరణ గుణకాన్ని పూర్తిగా వాడితే అసలు కంటె పెద్ద అంకె వస్తుంది.

7.4 త్వరణాన్ని కొలవడం

కారు 0 నుంచి 100 కి.మీ. వడిని 8 సెకన్లలో అందుకుంటే సగటు త్వరణం 27.8 ÷ 8 = 3.47 మీ./సె². ఇది గురుత్వ త్వరణంలో సుమారు మూడో వంతు. తేలికగా కనిపించే ఈ కొలతలో దోషాలు మూడు వైపుల నుంచి వస్తాయి.

1. సాధనం: సెకనుకు ఒకసారి మాత్రమే స్థానాన్ని గుర్తించే జీపీఎస్ పనికిరాదు. ఆ ఒక్క సెకనులో కారు వడి 12.5 కి.మీ. పెరిగిపోతుంది. సెకనుకు 10 సార్లు గుర్తించే పరికరంలో ఈ అంతరం 1.25 కి.మీ.కు తగ్గుతుంది.
2. ఆరంభ బిందువు: అమెరికా పత్రికలు కారు మొదటి 30 సెంటీమీటర్లు కదిలిన తరువాతే గడియారం మొదలుపెట్టే సంప్రదాయం ఉంది. దానివల్ల సుమారు 0.2 నుంచి 0.3 సెకన్లు తగ్గుతాయి.
3. వాలు: నూటికి ఒకటి వంతు వాలు త్వరణాన్ని 0.098 మీ./సె² మారుస్తుంది. పై ఉదాహరణలో అది సుమారు 3 శాతం. అందుకే రెండు దిశల్లోనూ నడిపి సగటు తీసుకోవాలి.

మొదటి కొన్ని మీటర్లలో త్వరణాన్ని టైర్ల పట్టు, డ్రైవరు నైపుణ్యం నిర్ణయిస్తాయి. ఇంజన్‌ను అంచనా వేయడానికి పావు మైలు (402.3 మీటర్లు) చివర కారు అందుకున్న వడి మేలైన కొలత. డ్రాగ్ పందెపు మైదానాల్లో చివరి 20 మీటర్లను కాంతి కిరణాలతో కొలిచి ఈ వడిని నిర్ణయిస్తారు.

7.5 మూడు కొలతలను జోడించడం

సామర్థ్యం = ద్రవ్యరాశి × త్వరణం × వడి. సామర్థ్యం స్థిరమనుకొని, దూరం దృష్ట్యా సమాకలనం చేస్తే:

వడి ఘనం = 3 × సామర్థ్యం × దూరం ÷ ద్రవ్యరాశి

అంటే ఒకే దూరానికి సామర్థ్యం, "ద్రవ్యరాశి × వడి ఘనం"కు అనులోమానుపాతంలో ఉంటుంది. గాలి నిరోధం సంగతేమిటని మీరు అడగవచ్చు. నిర్ణీత దూరంలో గాలికి పోయే శక్తీ, కారు గతిజ శక్తీ రెండూ వడి వర్గాన్ని బట్టే పెరుగుతాయి. కనుక నష్టపు వాటా రెండు పరుగుల్లోనూ దాదాపు ఒకటే. నిష్పత్తి తీసుకున్నప్పుడు అది చాలావరకు రద్దవుతుంది.

ఉదాహరణ 2: ఒకే మైదానంలో పావు మైలు చివర మన కారు వడి మార్పుకు ముందు గంటకు 138 కి.మీ., తరువాత 156 కి.మీ.
సామర్థ్యాల నిష్పత్తి = (156 ÷ 138) ఘనం × (1080 ÷ 1050) = 1.44 × 1.03 = సుమారు 1.49

మార్పుకు ముందు ఇంజన్ 116 హార్స్‌పవర్ ఇచ్చిందనుకుంటే, ఇప్పుడు 116 × 1.49 = సుమారు 172. మార్పుకు ముందు ఇదే డ్రమ్ముపై చక్రాల వద్ద 102 వచ్చింది. 102 × 1.49 = 152. డ్రమ్ము ఇప్పుడు చూపినది 155. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు పద్ధతులు 2 శాతం తేడాతో కలిశాయి. కాబట్టి రెండింటినీ నమ్మవచ్చు.

ఇక 200 మాట. వడి ఘనంగా వస్తుంది కాబట్టి వడిలో 1 శాతం దోషం సామర్థ్యంలో 3 శాతం అవుతుంది. రెండు పరుగుల దోషాలను, తూకపు దోషాన్ని కలిపితే మొత్తం సుమారు 4.5 శాతం, అంటే 8 హార్స్‌పవర్. కనుక ఫలితం 172 ± 8. నిజంగా 200 ఉంటే ఈ కారు 164 కి.మీ. వడి అందుకోవాలి. అమ్మిన వ్యక్తి అంకె దోష పరిధికి చాలా బయట ఉంది. అయితే కిట్ పనిచేయలేదని కాదు. సామర్థ్యం దాదాపు సగం పెరిగింది. కొలత వల్ల ఈ రెండు విషయాలూ తెలిశాయి.

గమనిక: ఇలాంటి పరుగులు మూసివేసిన పందెపు మైదానాల్లోనే చేయాలి. మన దేశంలో మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ తయారీదారు పేర్కొన్న వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని నియంత్రిస్తుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. పై కారులో సామర్థ్యం మార్చకుండా ద్రవ్యరాశిని 1080 నుంచి 1000 కిలోలకు తగ్గిస్తే పావు మైలు చివర వడి ఎంత?
జవాబు: 156 × (1.08 ఘనమూలం) = 156 × 1.026 = సుమారు 160 కి.మీ.

7.6 సారాంశం

బరువు చెప్పేటప్పుడు కారు స్థితిని చెప్పాలి. హార్స్‌పవర్ చెప్పేటప్పుడు ఎక్కడ కొలిచారో, ఏ ప్రమాణం వాడారో చెప్పాలి. త్వరణం చెప్పేటప్పుడు గడియారం ఎక్కడ మొదలైందో చెప్పాలి. ఏ ఒక్క అంకెనూ ఒంటరిగా నమ్మకుండా మిగిలిన రెండింటితో సరిచూడాలి. మార్పుకు ముందూ తరువాతా ఒకే సాధనంతో, ఒకే స్థితిలో కొలిస్తే చాలా దోషాలు నిష్పత్తిలో రద్దవుతాయి.

7.7 మాదిరి పరీక్షా ప్రశ్నలు

1. చాసిస్ డైనమోమీటర్ పనిచేసే విధానాన్ని ఉదాహరణతో వివరించండి.
2. పావు మైలు చివరి వడి నుంచి సామర్థ్యాల నిష్పత్తిని ఎలా రాబడతారు? అందులో గాలి నిరోధం ప్రభావం ఎందుకు తక్కువ?
3. మార్పుకు ముందు కొలతలు తీసుకోకపోతే 7.5లోని నిర్ణయాల్లో ఏవి చేయలేం? చర్చించండి.