మీనధ్వజము - మిరపకాయ టపా

రాజ్యమునకు ఏడు అంగములని ప్రాచీన నీతిశాస్త్రములు చెప్పినవి. స్వామి, అమాత్యుడు, సుహృత్తు, కోశము, రాష్ట్రము, దుర్గము, బలము అను ఈ ఏడింటిలో ధ్వజమునకు చోటు లేదు. ఐనను క్రొత్తగా రాజ్యము నెలకొల్పబూనినవాడు మొట్టమొదట చేయు పని ఒక గుర్తును ఎత్తిపట్టుటయే. కోశము నిండకున్నను, దుర్గము లేకున్నను గుర్తు మాత్రము ఉండవలెను. ఇరుగుపొరుగు ప్రభువులు దానిని అంగీకరించినచో అది రాజచిహ్నము. అంగీకరింపనిచో న్యాయస్థానములో రాజద్రోహమునకు సాక్ష్యము. ఈ వ్యత్యాసము ఎంత కఠినమైనదో తెలిసికొనుటకు దూరదేశముల చరిత్ర చదువనక్కరలేదు. అరకు, పాడేరు, చింతపల్లి, పాచిపెంట కొండల చరిత్రయే చాలును.

పాడేరు ప్రాంతపు కొండలలో మత్స్యగుండమను మడుగు కలదు. ఏరు బండల క్రింద మాయమై, కొంత దూరమున మరల వెలికివచ్చుచోట ఏర్పడిన మడుగది. అందలి చేపలను పట్టుట మహాపరాధమని కొండవారి నమ్మకము. పూర్వమొక బంజారా వర్తకుడు ఆ చేపలలో ఒకదానిని కూర వండుకొనగా మత్స్యరాజు శపించెననియు, అతడును అతని ఎద్దులును బండలై అచటనే నిలిచిపోయిరనియు స్థలకథ. శివరాత్రి ఉత్సవములో ఆ చేపలకు ఆహారము వేయుట పూజలో ఒక భాగమనియు, పూజారి భగత తెగవాడనియు 1907 నాటి విశాఖపట్టణము జిల్లా గెజిటీరు వ్రాసినది.

కొండవారి మడుగులోని ఆ చేపయే కొండ దిగువన రాజధ్వజమునకు ఎక్కినది. మాడుగుల జమీందారులు తాము మత్స్యదేశపు రాజుల సంతతివారమని చెప్పుకొనిరి. వారికి పట్టాభిషేకము చేప ఆకారముగల రాతిపీఠముపై జరిగెడిది. వారి జెండాలపై చేప. చేవ్రాలు చేయవలసిన చోట చేపబొమ్మ. ఆశ్రితులలో కొందరి చెవులకు చేపరూపు పోగులు. ఈ వంశకథ ఆధునికుల కల్పన కాదు. 1269 నాటి దిబ్బిడ తామ్రశాసనములోనే ఒడ్డాది మత్స్యవంశపు పుట్టుక వర్ణితమై యున్నది. శాపవశమున మీనరూపము దాల్చిన అప్సరసకు సత్యమార్తాండుడు జన్మించెననియు, ఉత్కళరాజు అతనికి తన కుమార్తెనిచ్చి ఒడ్డాదికి ప్రభువును చేసెననియు ఆ కథ. ఆంగ్లేయుల కాలములో కూడ ఈ మీనధ్వజము దించుడని ఎవరును అనలేదు. ఏలయన దానిని ఎత్తినవారు ఏటేట పేష్కషు చెల్లించుచుండిరి. కప్పము కట్టువాని జెండా ప్రభుత్వమునకు అలంకారమే గాని భయహేతువు కాదు.

కప్పము కట్టనని చెప్పినవాని గుర్తుల గతి వేరు. 1900 సంవత్సరములో పాచిపెంట కొండలలో కొర్రా మల్లయ్య అను కొండదొర తనకు దైవావేశము కలుగుచున్నదని ప్రకటించెను. ఏజెన్సీ నలుమూలల నుండి నాలుగైదు వేల జనము అతని చుట్టును చేరిరి. మొదట ఎవరికిని హాని లేకుండెను. క్రమముగా అతడు తాను పంచపాండవులలో ఒకని అవతారమనియు, పసివాడైన తన కుమారుడు శ్రీకృష్ణుడనియు, ఆంగ్లేయులను వెడలగొట్టి ఈ దేశమును తానే ఏలెదననియు చాటెను. కొండదొరలు తమది పాండవకులమని తరతరములుగ చెప్పుకొనువారు. కావున మల్లయ్య మాట వారికి వింతగా తోచలేదు. ఇంటిమాట వలెనే వినబడినది.

ఆయుధములు లేని ఆ రాజ్యమునకు ఆయుధచిహ్నములు కావలసివచ్చెను. వెదుళ్లు నరికి తుపాకుల ఆకారముగ చెక్కిరి. అవి మంత్రబలమున నిజమైన తుపాకులగుననియు, సర్కారువారి ఆయుధములు నీరగుననియు మల్లయ్య చెప్పెను. ఆ వెదురు తుపాకులు భుజమున ధరించి జనులు కవాతు చేసిరి. తమ తాతల విల్లంబులను విడిచి సర్కారు తుపాకి రూపమునే వారేల కోరుకొనిరో ఆలోచింపదగినది. వారు చూచిన ప్రభుత్వమునకు ముఖము తుపాకియే. అధికారము తమదని చెప్పుటకు దాని బొమ్మకంటె స్పష్టమైన ముద్ర వారికి తెలియదు.

మే 1వ తేదీన పరిస్థితి తెలిసికొనవచ్చిన ఇద్దరు కానిస్టేబుళ్లను ఆ గుంపు కొట్టి చంపినది. 7వ తేదీ తెల్లవారుజామున జిల్లా మేజిస్ట్రేటు రిజర్వు పోలీసులతో వచ్చి శిబిరముపై బడెను. వెదురు వెదురుగనే యుండెను. కాల్పులలో 11 మంది మరణించిరి. అరువదిమందిపై దొమ్మీ నేరమునకు విచారణ జరిగినది. హత్యానేరము మోపబడిన ముగ్గురిలో మల్లయ్య చెరసాలలో చనిపోగా, తక్కిన ఇద్దరిని ఉరితీసిరి.

మరి పదియేండ్లకు, 1910లో, పొరుగుననున్న బస్తరు కొండలలో తిరుగుబాటు రేగినపుడు మామిడికొమ్మ, మట్టిగడ్డ, మిరపకాయలు, బాణము ఊరినుండి ఊరికి చేతులు మారినవి. అక్షరము రానివారికి అవియే ఆజ్ఞాపత్రములు. వాటి అర్థమును ఎవరును విప్పి చెప్పవలసిన పని లేకపోయెను.

ఆ మిరపకాయయే 1922లో గూడెము, రంప కొండలలో మరల కనబడినది. అల్లూరి సీతారామరాజు తాను దాడి చేయబోవు సంగతిని ముందుగా తెలుపుచు పంపిన వర్తమానములకు మిరపకాయ టపా అని పేరు వచ్చినది. సర్కారు టపా తపాలాబంట్రోతు సంచిలో పోవును. ఈ టపా బాణమునకు కట్టబడి పోయెను. ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై బడి ఆ దళము 26 తుపాకులను, రెండువేలకు పైగా తూటాలను పట్టుకొనిపోయెను. పోవుటకు ముందు రాజు ఠాణా పుస్తకములో తాను తీసికొన్న ఆయుధముల వివరము వ్రాసి చేవ్రాలు చేసెనని ప్రసిద్ధి. దొంగ రసీదు ఇవ్వడు, ప్రభుత్వమే ఇచ్చును. ఆ ఒక్క చేవ్రాలుతో రాజు తనను దోపిడికాడనుటకు వీలులేకుండ చేసెను. అంతకుముందే అతడు కొండవారిని సర్కారు కోర్టులకు పోవలదనియు, తగవులు పంచాయతీలలో తీర్చుకొనవలెననియు, కల్లు మానవలెననియు బోధించియుండెను. మల్లయ్య ప్రభుత్వపు తుపాకిని అనుకరించెను. రాజు ప్రభుత్వపు బాధ్యతను చేపట్టెను. 1924 మే 7న అతనిని పట్టుకొని కాల్చివేసిరి.

ఈ ఉద్యమములకు ప్రభుత్వము ఇచ్చిన పేరు పితూరీ. ఆ హిందూస్తానీ మాటకు దస్త్రములలో తిరుగుబాటని అర్థము. తెలుగు ఇండ్లలో మాత్రము పితూరీ యనగా ఒకరిపై ఒకరు చెప్పు చాడీ, ఫిర్యాదు. తెలుగువారి వాడుకయే ఒక విధముగ సత్యమునకు దగ్గరగ నున్నది. పోడు వ్యవసాయముపై ఆంక్షలు, కల్లుపై పన్ను, కూలి ఇవ్వని వెట్టిచాకిరి: ఇవన్నియు ముందు ఫిర్యాదులే. వినువారు లేనపుడు తిరుగుబాట్లైనవి.

ప్రపంచమున పలుచోట్ల ఇట్టి జెండాలు ఎగిరినవి. 1960లో కాంగో నుండి విడివడితినని ప్రకటించిన కటాంగ తన జెండాపై మూడు రాగి సిలువలను వేసికొన్నది. అవి ఒకప్పుడు ఆ సీమలో నాణెములుగ చెల్లిన రాగికడ్డీల రూపము. 1963 నాటికి ఆ రాజ్యము అంతరించినది. 1967లో నైజీరియా నుండి వేరుపడిన బయాఫ్రా ఉదయసూర్యుని జెండాపై నిలిపెను. 1970 జనవరిలో ఆ సూర్యుడు అస్తమించెను. 1990లో మాల్డోవా నుండి విడిపోయితినన్న ట్రాన్స్‌నిస్ట్రియా సుత్తి కొడవలి గుర్తును, సొంత రూబులును పెట్టుకొన్నది గాని, ఐక్యరాజ్యసమితి సభ్యదేశమొక్కటియు దానిని గుర్తింపలేదు. ఈ రాజ్యములన్నియు మేలైనవనియు, కావనియు చెప్పుట ఇచట ఉద్దేశము కాదు. రాగిసిలువ వెనుక గనుల సంపదపై పోరును, ఉదయసూర్యుని వెనుక లక్షలమంది ఆకలిచావులును కలవు. జెండా అందమును బట్టి దాని క్రింది ప్రభుత్వమును కొలువరాదు. కాని ఓడినంత మాత్రమున దానిని నమ్మినవారి గోడు అబద్ధము కాదు.

భారతదేశపు త్రివర్ణపతాకము సైతము ఒకనాడు గుర్తింపు లేని జెండాయే. 1921లో బెజవాడ కాంగ్రెసు సభలయందు పింగళి వెంకయ్య పతాక నమూనాను గాంధీజీకి సమర్పించెను. 1923లో నాగపురములో కాంగ్రెసు జెండా పట్టి నడచినందుకే సత్యాగ్రహులు చెరసాలల పాలైరి. ఆ సమయముననే మన్యములో మిరపకాయ టపాలు తిరుగుచుండెను. పల్లమున గుడ్డపై వ్రాసిన మాటయు, కొండపై బాణమునకు కట్టిన మాటయు ఒక్కటియే. 1947 జులై 22న రాజ్యాంగసభ పతాకమును ఆమోదించుటతో నిన్నటి నేరము నేటి గౌరవమైనది.

మన్యమునకును ఆ గౌరవములో కొంత పాలు దక్కినది. రాజు అనుచరుడు గాం మల్లుదొర 1952లో విశాఖపట్టణము నుండి లోకసభకు ఎన్నికయ్యెను. మిరపకాయ టపా పంపినవాని చిత్రముతో 1986లో భారత తపాలాశాఖ బిళ్లను వెలువరించినది. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రముగ ఏర్పడిన జిల్లాకు అతని పేరే పెట్టిరి. ప్రభుత్వపు టపాపై అతని ముఖము, ప్రభుత్వపు ఫలకముపై అతని నామము నిలిచినవి.

కొర్రా మల్లయ్యకు బిళ్ల లేదు, జిల్లా లేదు. అతని పద్ధతి వేరు. ఇద్దరు కానిస్టేబుళ్ల ప్రాణములు ఆ కథలో కలవు. ఐనను అతని వెంట నడచిన వేలమంది కోరినదేమో అడిగిన వారు లేరు. స్వాతంత్ర్యదినమున కొండబడులలో జెండాకు వందనము చేయు బాలబాలికలలో కొండదొరల బిడ్డలు ఎందరో ఉందురు. ఆ జెండా కథ చెప్పు ఉపాధ్యాయుడు బెజవాడతో పాటు చింతపల్లిని, చింతపల్లితో పాటు పాచిపెంటను చెప్పినపుడే అది వారి కథయును అగును. వెదురు తుపాకుల రాజ్యమునకు సంబంధించి గెజిటీరు చివరగ చెప్పిన సంగతి, తండ్రి పోయిన పిదప ఆ పసివాడును చనిపోయెననియు, దానితో గొడవ సద్దుమణిగెననియు. ఆ బిడ్డ సొంత పేరు అందు లేదు. కృష్ణుడని మాత్రమే ఉన్నది.